గాలిలో మొదటి వాటా

గాలి విసిరి కొడుతున్న రోజున కూడా డోర్కస్ అవ్వ ఇంట్లో పొయ్యి వెలగడం లేదని ముందుగా కనిపెట్టినవాడు లూథర్. ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున ఉన్న ఇక్పిక్ ఊళ్ళో డీజిల్ జనరేటర్లనీ, కొత్తగా వచ్చిన గాలిమరలనీ చూసుకునేది అతనే. షెడ్డులో అతని కుర్చీకి ఎదురుగా ఒక తెర ఉంటుంది. ఊరికి కావలసినదానికన్నా గాలి ఎక్కువ కరెంటు ఇచ్చినప్పుడు ఆ మిగులు ఎవరింటికి ఎంత పోతోందో అందులో కనిపిస్తుంది. ఆ మిగులును వాడుకోవడానికే కొన్ని ఇళ్ళలో ఇటుకల పొయ్యిలు పెట్టారు. గాలి ఉన్నంతసేపూ లోపలి ఇటుకలు కాగుతాయి. గాలి పడిపోయాక ఆ వేడి మెల్లగా ఇంట్లోకి వస్తుంది. జనం వాటికి గాలిపొయ్యిలని పేరు పెట్టుకున్నారు.

ఊరందరికీ సరిపడా పొయ్యిలు రాలేదు. ఎవరికివ్వాలన్న దగ్గర తగవు పడుతుందని బయటి నుంచి వచ్చిన ఇంజనీర్లు భయపడ్డారు గానీ, ఊళ్ళోవాళ్ళకి అందులో ఆలోచించడానికేమీ కనబడలేదు. ఆ ఊరి ఆచారం ప్రకారం, కుర్రాడు మొదటిసారి సముద్రపు సీల్‌ని వేటాడి తెస్తే అందులో ఒక్క ముక్క కూడా తను ముట్టడు. మొత్తం తీసుకెళ్ళి ఊళ్ళో అందరికన్నా పెద్దామె గుమ్మంలో పెడతాడు. ఇప్పుడు ఊరే మొదటిసారి గాలిని పట్టింది. కాబట్టి మొదటి పొయ్యి డోర్కస్ అవ్వకి వెళ్ళింది, మిగతావి ఆవిడ తర్వాతి ముసలివాళ్ళకి. ఇంజనీర్లు నోరు తెరిచి చూసి, టీ తాగి వెళ్ళిపోయారు.

చలికాలమంతా ఆ పొయ్యి బుద్ధిగా కాగింది. ఏప్రిల్ వచ్చి, పగలు పొడుగై, పడవల మీద కప్పిన గుడ్డలు తీసే వేళకి తెర మీద ఆవిడ గడి ఖాళీ అయిపోయింది. లూథర్ ముందు తెరను అనుమానించాడు, తర్వాత తీగను అనుమానించాడు. చివరికి సంచీలో ఒక ఫ్యూజు, స్క్రూడ్రైవరు వేసుకుని బయల్దేరాడు.

డోర్కస్ అవ్వ నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, రెయిన్‌డీరు వెన్నునరాన్ని గోటితో చీల్చి దారం పేనుతోంది. పడవకి కప్పే తోళ్ళు కుట్టేది ఆ దారంతోనే. గాలిపొయ్యి మీద తోలు బూట్లూ, రొట్టె డబ్బా, ఉతికిన బట్టలూ దొంతరగా పేర్చి ఉన్నాయి.

"ఫ్యూజు పోయిందేమో చూద్దామని వచ్చాను అవ్వా."

"ఫ్యూజు కాదు, ప్లగ్గే పోయింది. నేనే పీకేశాను. కూర్చో. బూట్లు విప్పకు, నేల చల్లగా ఉంది."

"ఎందుకు పీకేశావు? వేడి ఎక్కువైందా?"

ఆవిడ దారం చివర నోట్లో పెట్టి తడి చేసి, చెంప మీద రాసి నున్నన చేసింది.

"మా అమ్మ సీల్‌నూనె దీపం పెట్టేది," అంది కాసేపటికి. "ఆ సీల్‌ని పట్టిందెవరో మాకు తెలుసు. పట్టగానే దాని నోట్లో గుక్కెడు మంచినీళ్ళు పోసేవాళ్ళు. ఉప్పునీళ్ళలో బతికేదానికి దాహం కదా. అందుకని అది మళ్ళీ వచ్చేది. తర్వాత డీజిల్ వచ్చింది. దానికి ముఖం లేదు. అది ఎవర్నుంచి వచ్చిందో, దానికి ఏం పోయాలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు గాలి అంటున్నారు. దీనికి ఏం పోశారు మీరు?"

లూథర్ నవ్వాడు. "గ్రీజు పోస్తున్నాను అవ్వా, నెలనెలా."

ఆవిడ కూడా నవ్వింది, కానీ చెయ్యి ఆగలేదు. "ఈసారి మన పడవ నీళ్ళలోకి దిగదురా," అంది, అదే గొంతుతో.

లూథర్‌కి సరిగ్గా వినబడలేదేమో అనిపించింది. ఊళ్ళో తిమింగలాల వేటకి వెళ్ళే జట్లు కొన్నే ఉన్నాయి. వాటిలో అవ్వది పాతది. భర్త పోయాక జట్టు ఆవిడదే, మాట ఆవిడదే. పడవ ముందు భాగంలో ఈటె పట్టుకుని కూర్చునేది లూథర్. పదహారేళ్ళ వయసులో ఆ పడవెక్కాడు, ఇప్పుడు గడ్డంలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఆ పడవ దిగకపోతే వసంతంలో తన చేతులు ఏం చెయ్యాలో అతనికి తెలియదు.

"ఎందుకు?"

"రేపు పొడుగు బూట్లు వేసుకుని రా. కళ్ళతో చూసుకుందువు గాని. పాతర ఏడుస్తుంటే నేను వెచ్చగా ఎలా కూర్చోను?"

*

పాతర మూత ఎత్తితే మంచుపొగ రావాలి. లూథర్ చిన్నప్పటి నుంచీ ఎరిగిన సంగతి అది. ఎప్పుడూ కరగని నేలని తవ్వి చేసిన గొయ్యి, దాని కింద గది, ఆ గదిలో తిమింగలం మాంసం, తోలూ కొవ్వూ కలిసిన మక్తక్, ఊరి పండగల దాకా చెక్కు చెదరకుండా. మూత తియ్యగానే ఆ చలి ముఖాన్ని చాచి కొట్టాలి. ఆ రోజు మెత్తగా, ముక్క వాసనతో, ఎవరో ఊపిరి వదిలినట్టు గాలి పైకి వచ్చింది. బయట చలికి కనురెప్పలు అంటుకుంటున్నాయి.

నిచ్చెన దిగి బూటు పెట్టిన చోట బురద చప్పుడైంది. దీపం తిప్పి చూశాడు. గోడల మీద ఉండాల్సిన తెల్లటి మంచుపొర లేదు. నల్లటి మట్టి మెరుస్తోంది. పైనుంచి చుక్క రాలింది, ఇంకొక చుక్క రాలింది.

అవ్వ నిచ్చెన మీదే సగంలో నిలబడి చూస్తోంది. "అడుగు గీకాను. కిందటేటి నెత్తురూ నూనే మరక లేకుండా గీకి, పైనుంచి కొత్త మంచు దింపి పరిచాను. పొద్దుటికి జావైపోయింది. మళ్ళీ పరిచాను, మళ్ళీ జావ."

వేటకి ముందు జట్టు ఇల్లాలు పాతర శుభ్రం చేసి కొత్త మంచు పరవాలి. తిమింగలం తీరానికి వచ్చేటప్పుడు ఎవరి పాతర శుభ్రంగా ఉందో చూసుకుని, వాళ్ళకే తనని తాను ఇచ్చుకుంటుంది. మురికి పాతర ఉన్నవాళ్ళ పడవ ఎంత తిరిగినా వట్టిదే. అందుకని పాతర శుభ్రం చేసే రోజుల్లో మగవాళ్ళు అటు పోరు. అవ్వ లూథర్‌ని దింపిందంటే అది చిన్న సంగతి కాదని అతనికి అర్థమైంది. "పెట్టుకోవడానికి చోటు లేనిదాన్ని రమ్మని ఎలా పిలుస్తాను?" అందావిడ.

లూథర్ చేతి తొడుగు తీసి గోడలు తడిమాడు. ఒక గోడ చెమ్మగా ఉంది. ఒకటి అంతకన్నా నయం. పడమటి గోడ మాత్రం వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు కారేంత తడి. పడమర ఏముంది? పైకెక్కి నిలబడి చూశాడు.

గాలిమరల దగ్గరికి వెళ్ళే కంకర దారి ఉంది. నేలకన్నా ఎత్తుగా, పాతరకి పక్కగా, గట్టులా పోతోంది. వేసవిలో కరిగిన నీరు ఇదివరకు ఆ వాలులో సముద్రంలోకి జారిపోయేది. ఇప్పుడు దారి అడ్డుకుని అక్కడే మడుగు కడుతోంది. ఎండకి కాగిన ఆ మడుగు వేడి నేలలోకి మెల్లగా దిగుతుంది. పైన వేసవి అయిపోయి, చలికాలం గడిచాక గానీ అది అడుక్కి చేరదు. నిరుటి జూలై ఎండ ఈ ఏప్రిల్లో పాతరలో చుక్కలుగా రాలుతోంది.

ఆ దారి అక్కడే వెయ్యండని ఇంజనీర్లకి చెప్పింది లూథరే. అక్కడైతే మంచు పేరుకోదు, చలికాలంలో గాలిమర దాకా బండి సులువుగా పోతుందని చెప్పాడు. అందరూ మెచ్చుకున్నారు కూడా.

"ఏమైంది, ముఖం అలా పెట్టావు?" అంది అవ్వ.

అతను చెప్పాడు. దారి సంగతి, మడుగు సంగతి, తను దారికి గుర్తుగా కర్రలు పాతించిన సంగతి అన్నీ. అవ్వ వింటూ, కంకర గట్టు వైపు చూస్తూ నిలబడింది. ఔననలేదు, కాదనలేదు.

"ఏమన్నా చేస్తావా?" అంది.

"చేస్తాను."

*

ఇంటికి వచ్చేసరికి భార్య ఫ్లాసీ మంచినీళ్ళ మంచుగడ్డలు కుండలో వేసి కరిగిస్తోంది. లూథర్ కోటు విప్పకుండానే మొత్తం చెప్పాడు. మామూలుగా అయితే మొగుడు తప్పు చేశానని ఒప్పుకుంటే ఫ్లాసీ ఆ రోజు పండగ చేసుకుంటుంది, పక్కింటికి వెళ్ళి చెప్పి వస్తుంది. ఆ రోజు మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"నీళ్ళు గోడలోంచి వస్తున్నాయా, పైకప్పులోంచా?"

"రెండిట్లోంచీ. పడమటి గోడ ఎక్కువ."

"ఉప్పగా ఉన్నాయా?"

"నాకి చూడలేదు తల్లీ. ఎందుకు?"

"ఊరికే అడిగాను," అని ఆవిడ కుండ వైపు తిరిగిపోయింది. "తిను, చల్లారిపోతోంది."

"మన పాతర పనైపోయిందా? కావాలంటే మంచు నేను దింపుతాను."

"మగాళ్ళకేం పని అక్కడ?" అంది ఫ్లాసీ, కొంచెం కటువుగానే. ఆ పాతర ఫ్లాసీ అమ్మగారిది. వాళ్ళ అన్నదమ్ముల జట్టుకి అదే ఆధారం. లూథర్ మనసు మూతపడ్డ దుకాణం వెనక వదిలేసిన చల్లగది మీద ఉంది. దాని తలుపు పోయింది గానీ, చలిని పుట్టించే యంత్రం మాత్రం గట్టిది.

మర్నాడు ఊరి హాల్లో సభ పెట్టారు. సభకి పెద్ద మెర్నా, లూథర్‌కి చెల్లెలి వరస. పట్నంలో చదువుకుని వచ్చి, ఊరు నడపడం మీద పడింది. లూథర్ లేచి, దారి తన సలహాతో వేసిందనీ, అవ్వ పాతర దానివల్లే తడుస్తోందనీ, అవ్వ వాటాకి వచ్చే గాలిని పొయ్యికి బదులు ఆ చల్లయంత్రానికి ఇద్దామనీ చెప్పాడు. వేసవి రాకముందే దారి కింద నుంచి నీళ్ళు పోయేలా గొట్టాలు వేయిస్తానన్నాడు.

"ఇప్పుడు అదొకటా?" అన్నాడు సైలస్ తాత వెనక బెంచీ మీద నుంచి. రెండో పొయ్యి ఆయనింట్లోనే ఉంది. "ఆ యంత్రం నడిస్తే మా పొయ్యిలకి వచ్చేది తగ్గదూ?"

"కొంచెం తగ్గుతుంది తాతా."

"కొంచెమెంతో నా మోకాళ్ళనడుగు. అయినా దారికీ పాతరకీ ఏంటి సంబంధం? నా పాతర ఎలా ఉంది? రాయిలా ఉంది. పొడిగా. పాతర తడుస్తోందంటే చూసుకునేవాళ్ళు సరిగ్గా చూసుకోవడం లేదని."

అవ్వని అంత మాట అనే ధైర్యం ఊళ్ళో సైలస్ ఒక్కడికే ఉంది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే కుక్కలబండి మీద పెరిగారు. లూథర్ కోపంతో ఆడవాళ్ళ వరస వైపు చూశాడు, ఎవరో ఒకరు లేచి గట్టిగా జవాబిస్తారని. ఎవరూ లేవలేదు. ఒకామె గోళ్ళు చూసుకుంటోంది, ఇంకొకామె పిల్లాడి టోపీ సర్దుతోంది. ఫ్లాసీ నేల చూపులు చూస్తోంది. ఇంతమందికి ఒకేసారి నోరు ఎందుకు పడిపోయిందో అతనికి అంతుపట్టలేదు.

మెర్నా గొంతు సవరించుకుంది. "అన్నా, నాకు ఇంకో ఇబ్బంది ఉంది. ఈ డబ్బిచ్చినవాళ్ళు ఇళ్ళు వెచ్చబెట్టడానికని ఇచ్చారు. ఆర్కిటిక్‌లో కరెంటు పెట్టి చలి తయారుచేస్తున్నామంటే ఏమనుకుంటారు? అడిగితే ఏం చెప్పను?"

"ముసలిదానికి చలి సరిపోలేదని చెప్పు," అంది డోర్కస్ అవ్వ.

కొందరు నవ్వారు. అవ్వ లేవలేదు. కూర్చున్నచోటు నుంచే వెనక్కి తిరిగింది.

"సైలస్, నిరుడు నా జట్టు తిమింగలాన్ని తెచ్చినప్పుడు నీకు తోక దగ్గరి ముక్క ఇచ్చాను. ఉడకబెట్టుకున్నావా, కుక్కలకేశావా?"

"కుక్కలకెందుకేస్తాను?"

"నేను అడిగానా?"

"లేదు."

"మరి నా గాలి నేను ఎలా తినాలో నువ్వెందుకు అడుగుతున్నావు?"

వాటా ఇచ్చాక దాని జోలికి పోకూడదు. ఇది ఆ ఊళ్ళో నడక వచ్చిన పిల్లలకి కూడా తెలుసు. మెర్నా చుట్టూ చూసి, ఇక చెప్పాల్సినవాళ్ళెవరూ లేరని గ్రహించి, సభ ముగించేసింది.

*

యంత్రాన్ని మంచు మీద జారే స్లెడ్డు బండి మీద లాక్కొచ్చేటప్పుడు జట్టు కుర్రాళ్ళందరూ చెయ్యి వేశారు. లూథర్ దాని తుప్పు గీకాడు, బిగింపులు మార్చాడు, రాగి గొట్టాలని మెల్లగా వంచి పడమటి గోడకి ఆనించాడు. పైన మూత పక్కన పెట్టె కట్టి యంత్రాన్ని అందులో కూర్చోబెట్టాడు. అవ్వ ఒక డబ్బా బోర్లించుకుని కూర్చుని, ప్రతిదీ అడుగుతూనే ఉంది. ఈ గొట్టంలో ఏం పారుతుంది? అది ఎందుకు గడ్డకట్టదు? ఈ చిన్నది ఎందుకు ఊగుతోంది?

"కింద చలి చేస్తే, అక్కడున్న వేడి ఎటు పోతుంది?"

"పైకి. బయటి గాలిలోకి."

"అంటే నా పాతర చెమట తుడిచి ఆకాశం మీద విసురుతున్నావు."

"అంతే అవ్వా."

"ఆకాశం మీద ఇప్పటికే చాలా విసిరాం," అంది ఆవిడ. "దానికి బదులు మాంసం కరెంటు చల్లపెట్టెల్లో పెట్టుకోమంటుంది మెర్నా. ఆ పెట్టెలో పెట్టిన మాంసం అట్టముక్కలా ఎండిపోతుంది. పాతరలో అయితే మెల్లగా పండుతుంది. అయినా తిమింగలం ఆ తెల్లపెట్టె చూసి వస్తుందా చెప్పు?"

పనంతా అయ్యేసరికి గాలి పడిపోయింది. గాలిమరల రెక్కలు కదలకుండా నిలబడ్డాయి. సముద్రం మీద మంచు చీలి, నల్లటి నీటిదారి తెరుచుకుంది. వేటకి అంతకన్నా మంచి రోజు ఉండదు. మిగతా జట్లన్నీ పడవలు లాక్కుని మంచు అంచుకి వెళ్ళిపోయాయి. అవ్వ జట్టు కుర్రాళ్ళు ఒడ్డున స్లెడ్ల మీద కూర్చుని, ఎవరితో ఏం మాట్లాడినా విసుక్కుంటున్నారు.

"అన్నా," అన్నాడొకడు లూథర్‌తో, "పడవకి గాలి ఆగాలి, నీ యంత్రానికి గాలి రావాలి. ఇంతకీ ఆదివారం చర్చిలో ఏమని ప్రార్థన చేస్తావు?"

"నీ నోరు ఆగాలని," అన్నాడు లూథర్. లోపల మాత్రం అతనికి ఏడుపొచ్చినంత పనైంది. వేటకాడు గాలి కోసం ఎదురుచూడడం అదే మొదటిసారి. మంచు అంచు దగ్గర తెల్లటి ఊపిరి ఫౌంటెన్‌లా లేచినప్పుడల్లా అందరూ లేచి నిలబడి చూశారు. తిమింగలాలు వెళ్తున్నాయి. కానీ దూరంగా, నీటిదారికి అవతలి వైపు నుంచి, ఒక్కటీ ఏ పడవ వైపూ తిరగకుండా. వెళ్ళిన జట్లు వెళ్ళినట్టే ఖాళీగా కూర్చున్నాయి. ఊళ్ళో ఆడవాళ్ళు వంటిళ్ళ కిటికీల్లోంచి అటే చూస్తున్నారు. ఫ్లాసీ అయితే ఆ రెండు రోజులూ సరిగ్గా అన్నం తినలేదు. అన్నల కోసం బెంగ అనుకున్నాడు లూథర్.

మూడో పొద్దున ఈశాన్యం నుంచి గాలి లేచింది. జట్లు మంచు అంచు నుంచి వెనక్కి జరిగాయి. గాలిమరల రెక్కలు ముందు బద్ధకంగా, తర్వాత హోరుమని తిరిగాయి. లూథర్ షెడ్డులో ఒక జనరేటర్ ఆపేశాడు. తెర మీద అవ్వ గడి వెలిగింది. అతను కోటు వేసుకుని పరుగున పాతర దగ్గరికి వెళ్ళేసరికి పెట్టెలో యంత్రం గుర్రుమంటోంది.

గాలి ఆగలేదు. మర్నాటికి రాగి గొట్టాల మీద తెల్లటి నూగు పట్టింది. ఆ మర్నాటికి అది గోడకి పాకింది. చుక్కలు రాలడం మానేశాయి. అవ్వ నిచ్చెన దిగి, అరచెయ్యి నాకి తడిచేసి, పడమటి గోడకి ఆనించింది. తియ్యబోతే చెయ్యి రాలేదు. అంటుకుపోయింది. ఆవిడ చెయ్యి లాక్కునే ప్రయత్నం చెయ్యకుండా, అలాగే గోడకి ఆనుకుని, చిన్నపిల్లలా నవ్వుతూ నిలబడింది. లూథర్ నోటి ఆవిరి ఊది ఊది ఆ చెయ్యి విడిపించాడు.

"కొత్త మంచు దింపు," అంది ఆవిడ. "ఇప్పుడు పరిస్తే నిలుస్తుంది."

*

మంచు పరిచి పైకి వచ్చేసరికి మూత దగ్గర ఒక స్లెడ్డు ఆగి ఉంది. దాని నిండా మాంసం, మక్తక్ దిమ్మలు. పక్కన ఫ్లాసీ నిలబడి ఉంది. ముఖం చలికి ఎర్రబడిందో, ఏడ్చి ఎర్రబడిందో తెలియడం లేదు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, తన పుట్టింటి పాతరలోని మాంసమంతా బండికెత్తి తెచ్చింది.

"అవ్వా," అంది, లూథర్ వైపు చూడకుండా. "మాది కూడా తడుస్తోంది. ఇందులో కొంచెం చోటిస్తావా?"

"కాళ్ళు దులుపుకుని దిగు," అంది అవ్వ.

లూథర్ భార్య చెయ్యి పట్టుకున్నాడు. "ఎప్పటి నుంచి?"

"చిన్నది పుట్టిన ఏడాది నుంచి."

వాళ్ళ చిన్న కూతురు ఈ ఏడు బడికి వెళ్తోంది. గాలిమరలు రాకముందు సంగతి. దారికి కర్రలు పాతకముందు సంగతి. పైగా ఆ పాతర ఊరికి అవతలి కొసన ఉంది, దారి దాని దరిదాపుల్లోకి కూడా పోదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? మా అమ్మ పాతర నా చేతుల్లో మురికైపోయిందనా? అన్నలు పడవ ఎక్కేటప్పుడు, వెళ్ళొద్దు, ఎటూ వట్టి చేతులతోనే వస్తారనా? రోజూ వెళ్ళి గుడ్డలతో తుడుస్తున్నాను. తుడిచిన గుడ్డలు ఇంట్లో ఆరేస్తే నువ్వు చూస్తావని అక్కడే దాస్తున్నాను."

ఫ్లాసీ వెనక ఇంకో స్లెడ్డు వస్తోంది. దాని వెనక ఇంకొకటి. సభలో గోళ్ళు చూసుకున్నామె, టోపీ సర్దినామె. ప్రతి ఇల్లాలూ తన పాతర ఒక్కటే తడుస్తోందనుకుని, ఇన్నేళ్ళూ నోరు మూసుకుని తుడుచుకుంటూ వచ్చింది. ఒకరి బండి ఒకరు చూసుకుని, ముందు తెల్లబోయి, తర్వాత ఒకరిద్దరు పగలబడి నవ్వడం మొదలుపెట్టారు.

లూథర్ అవ్వ వైపు తిరిగాడు. "నీది ఎప్పటి నుంచి?"

"ఫ్లాసీ వాళ్ళదాని కన్నా ముందే. ఈ ఏటి దాకా తుడుచుకుంటూ నెట్టుకొచ్చాను."

"అయితే దారివల్ల కాదని నీకు తెలుసు."

"తెలుసు."

"మరి నేను సభలో నిలబడి అందరి ముందూ తప్పు నాదని చెప్తుంటే చెప్పనిచ్చావా?"

"తప్పు తనదనుకున్నవాడు చురుగ్గా పనిచేస్తాడురా," అంది అవ్వ. "తప్పంతా వేడెక్కుతున్న లోకం మీదకి తోసేసి ఉంటే నువ్వూ నాతో పాటు కూర్చుని బాధపడేవాడివి. ముఖం లేని తప్పుని ఎవరు బాగుచేస్తారు?" కాస్త ఆగి, వేలు చూపించింది. "మరీ తేలికపడకు. పడమటి గోడ నీ దారిదే. గొట్టాలు వేయిస్తానన్నావు, మర్చిపోకు."

అతనికి కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక తిరిగి వెళ్ళిపోయింది. ఫ్లాసీ పక్కన నిలబడి, తొడుగు లేని చెయ్యి అతని భుజం మీద వేసింది. ఆ చెయ్యి గుడ్డలు పిండి పిండి పగుళ్ళు పట్టి ఉంది. ఇన్నాళ్ళూ ఆ పగుళ్ళు చలివనుకున్నాడు.

"అందరి మాంసం ఒకే పాతరలో ఉంటే," అంది ఒకామె కింద నుంచి దిమ్మ అందుకుంటూ, "తిమింగలం ఇప్పుడు ఎవరి పాతర చూసి వస్తుంది?"

"ఆ సంగతి దాన్నే తేల్చుకోనివ్వు," అంది అవ్వ. తర్వాత లూథర్‌తో, "గాలి తగ్గగానే పడవ దింపండి. నేను సిద్ధం," అంది. కుర్రాళ్ళు అది విని కేక వెయ్యబోయి, ఆవిడ ముఖం చూసి మానుకున్నారు. అవ్వ తన టీ కప్పులో మంచినీళ్ళు పోసి అతని చేతికిచ్చింది. "ముందు ఇది తీసుకెళ్ళి గాలిమర మొదట్లో పోసి రా."

"నీళ్ళా?"

"గ్రీజు నువ్వు పోస్తున్నావు కదా. ఇది నా తరఫున."

కప్పు గడ్డకట్టకుండా కోటు లోపల పెట్టుకుని, కంకర దారి వెంట నడిచాడు లూథర్. రెక్కలు తల మీద హోరుమంటున్నాయి. ఎలా పొయ్యాలో అతనికి తెలియలేదు. సీల్ అయితే నోరు ఉంటుంది. కాసేపు చుట్టూ తిరిగి చూసి, చివరికి స్తంభం మొదట్లో వంగి, ఎవరికో తాగిస్తున్నంత నెమ్మదిగా వంచాడు. నీళ్ళు ఇనుము మీద జారి, నేలని తాకీ తాకకముందే గడ్డకట్టాయి.

అక్కడి నుంచి ఊరంతా కనిపిస్తుంది. అవ్వ పాతర చుట్టూ స్లెడ్లు, ఆడవాళ్ళు, చేతి నుంచి చేతికి దిగుతున్న నల్లటి దిమ్మలు. అతను వెనక్కి తిరగబోతూ, ఊరి చివరి ఇంటి దగ్గర ఇంకో స్లెడ్డు కదలడం చూశాడు. దాని మీద సరుకు కనబడకుండా అంచుల దాకా టార్పాలిన్ కప్పి, తాళ్ళు బిగించి ఉంది. ముందు కుంటుకుంటూ, నాలుగడుగులకోసారి మోకాలు పట్టుకుని ఆగుతూ, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తూ, సైలస్ తాత దాన్ని లాక్కొస్తున్నాడు.

లూథర్ ఖాళీ కప్పు జేబులో పెట్టుకుని, దారి వదిలేసి, మంచు మీదుగా అడ్డం పడి ఆయన దగ్గరికి నడిచాడు. తాళ్ళలో ఒకటి అందుకుని భుజాన వేసుకున్నాడు.

"బరువేం లేదు," అన్నాడు సైలస్ తాత.

"ఔను తాతా," అని లూథర్ లాగడం మొదలుపెట్టాడు.